ఎక్కని గాజులు

ఏలూరు, ఆసుపత్రి

అమ్మా,

ఫోన్లో నువ్వు ఏడుస్తూ నా మాట వినలేదు, అందుకే కార్డు. నేనూ, కడుపులో బిడ్డా బాగానే ఉన్నాం.

సీమంతానికి గాజులు తొడగడానికి గాజులమ్మే ఖాతూన్ గారొచ్చారు. పోయిన నెల ఆవిడే కొలిచిన గాజులు నా చేతికి ఎక్కలేదు. ఒళ్ళు చేశానని అత్తయ్యగారు మురిసిపోయారు. ఖాతూన్ గారు మాత్రం గాజులు సర్దేసి, "ఇది ఒళ్ళు కాదండీ, నీరు. ముందు బీపీ చూపించండి. మా అమ్మాయి సుమయ్యకి కడుపుతో ఉన్నప్పుడు ఇలాగే వస్తే మామూలే అనుకుని పోగొట్టుకున్నాను" అన్నారు. చూపిస్తే నూట డెబ్బై. మందులిచ్చి ఇక్కడే ఉంచేశారు. సీమంతం మానేశాం.

మెత్తని పాత చీరలు రెండు పంపు. నాన్నగారి దగ్గు తగ్గిందా? ఆయనకి నమస్కారాలు.

వదినకి ఆరో నెల కదా, గాజులు బిగిశాయేమో చూడు. వదులుగా ఉన్నా సరే, బీపీ చూపించు.

నీ దుర్గ