బూడిదగుంట వారి క్యాసెట్టు మీద ఫిర్యాదు

కర్గీ రోడ్,
6 జూన్ 1993.

బూడిదగుంట కంపెనీ మేనేజరు గారి సముఖానికి, రిటైర్డు గూడ్సు డ్రైవరు అప్పలకొండ నమస్కారం చేసి పెట్టుకొనే ఫిర్యాదు.

మేము క్షేమం. మీ క్యాసెట్టు క్షేమంగా లేదు.

పోయిన ఆదివారం బిలాస్‌పూర్ వచ్చి, స్టేషను ఎదుట దుకాణంలో మీ క్యాసెట్టు ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చి పెడితే నెమ్మదిగా తిరుగుతోంది. బ్యాటరీలు అయిపోయాయేమోనని కొత్తవి వేశాను. అదే నడక. తీసి కరెంటుకు తగిలించాను. అదే నడక. మా ఆవిడ బుజ్జమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏటది? మిషను కడుపునొప్పితో మూలుగుతున్నట్టుంది" అంది. మొదటి పాట నడుస్తుండగా నేను స్నానం చేసి, బజారుకు వెళ్ళి, కూరలు తెచ్చి, కూర్చున్నాను. మీవాళ్ళు ఇంకా అదే చరణంలో ఉన్నారు.

ముప్పైనాలుగేళ్ళు బండి నడిపినవాణ్ణి. లేటు అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాని మా దగ్గర ఇంత లేటయితే కారణం రాసి సంతకం పెట్టాలి. మీరు కూడా కారణం రాయండి. సరైన వేగంతో తిరిగే క్యాసెట్టు ఇంకొకటి పంపండి.

ఈ ఉత్తరం కట్నీ ప్యాసింజరు గార్డు పోలయ్య చేతికిస్తున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వండి. స్టాంపులు అంటించే అలవాటు మా రైల్వేవాళ్ళకు లేదు.

ఇట్లు, లేటుకు అలవాటు పడని
అప్పలకొండ.

తా.క.: అట్ట మీద 'గానం: జానకిరామ్' అని వేశారు. అతను మా అబ్బాయి. ఒక్కడే. పోయిన ఏడాది ఆగస్టు తొమ్మిదిన బిలాస్‌పూర్‌లో జ్వరం వచ్చి పోయాడు. వాడి గొంతు మాకు ఇంకెక్కడా లేదు. అందుకని సరిగ్గా తిరిగేదే కావాలి.

*

కుదుదండ్, బిలాస్‌పూర్,
11 జూన్ 1993.

గౌరవనీయులైన అప్పలకొండ గారికి, వాదించే దుర్గుణానికి క్షమాపణ ముందుగానే చెల్లించి ప్రత్యూష వ్రాయు జవాబు.

బూడిదగుంట అనే కంపెనీ లేదు. కనుక దానికి మేనేజరూ లేడు. ఉన్నది నలుగురం కలిసి ఏర్పరచుకున్న వాద్యబృందం. రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్న నేను దానికి కార్యదర్శిని, బేస్ గిటార్ వాద్యకారిణిని. మీ అబ్బాయి అంత్యక్రియలనాడు వెనుక వరుసలో నిలబడిన ముగ్గురిలో నేనొకతెను. ఆనాడు మీరు మావైపు చూడలేదు. చూడవలసిన అవసరమూ లేదు.

ఇక ఫిర్యాదు. మీ ఆరోపణను నేను పూర్తిగా తిరస్కరిస్తున్నాను. క్యాసెట్టు నెమ్మదిగా తిరగడం లేదు. పాటే నెమ్మదిగా నడుస్తోంది. ఈ సంగీతాన్ని డూమ్ మెటల్ అంటారు. డూమ్ అంటే ప్రళయం. ప్రళయానికి తొందర ఉండదు. సంతోషానికి ఎక్కడికో వెళ్ళవలసిన పని ఉంటుంది గనుక అది పరుగెడుతుంది. దుఃఖం చేరవలసిన చోటికి ముందే చేరుకుంది. అది ఎందుకు పరుగెత్తాలి? ఈ సంగీతంలో గొంతు కూడా లోతుగా, బరువుగానే ఉంటుంది. అది లోపం కాదు, సిద్ధాంతం.

మా చరిత్ర మీకు తెలియదు గనుక చెబుతున్నాను. 1989లో లోకో షెడ్డు వెనుక, ఆవిరి ఇంజన్లు నిప్పుకణికలు దులుపుకొనే గుంట పక్కన సాధన మొదలుపెట్టాం. పేరు అక్కడిదే. మరుసటి ఏడు కాలేజీ వార్షికోత్సవంలో రెండో పాట మధ్యలో ఎవరో ఫ్యూజు పీకేశారు. పాట ఆగిపోయిందని గ్రహించడానికి శ్రోతలకు చాలాసేపు పట్టింది. ఆ స్థితి నుండి మా క్యాసెట్టు రాయ్‌పూర్, జబల్‌పూర్, నాగ్‌పూర్ దాకా వెళ్ళింది. ఈనాడు రాయ్‌పూర్‌లోనే మూడు బృందాలు స్వరం లోతుగా పలకాలని తమ గిటారు తీగలను మాలాగే వదులు చేసుకుంటున్నాయి. ప్రభావం అన్న మాటకు ఇంతకు మించిన నిర్వచనం నేనెరుగను.

ఆ వేగం ఎవరిదని అడుగుతారేమో. జానకిరామ్‌దే. మేము ఏమాత్రం తొందరపడినా చెయ్యెత్తి ఆపేసేవాడు. "భన్వర్‌టోంక్ కొండఘాటు ఎక్కే బొగ్గుబండిలా పోవాల. ఎనక ఇంకో ఇంజను తోస్తన్నా సరే, ఇక్కడే ఆగిపోద్దేమోనని గుండె జారాల" అనేవాడు.

మీ ఆరోపణతో తప్ప మీతో ఏ విరోధమూ లేని,
ప్రత్యూష.

తా.క.: మొదటి పాటలో ఉన్నది ఒకటే చరణం. మీరు కూరలతో తిరిగి వచ్చేసరికి గాయకుడు అందులోనే ఉండడం న్యాయమే.

*

కర్గీ రోడ్,
20 జూన్ 1993.

చిరంజీవి ప్రత్యూషకు, మేనేజరు గారనుకొని మొదట చేసిన నమస్కారం వెనక్కి తీసుకోకుండానే అప్పలకొండ ఆశీర్వదించి రాసేది.

ఆ ఘాటు నేను పంతొమ్మిదేళ్ళు ఎక్కాను. వాడు చిన్నప్పుడు రెండుసార్లు ఇంజనులో నా పక్కన కూర్చున్నాడు. రూలుకు విరుద్ధం. దిగాక ఒక్క మాటా మాట్లాడలేదు, మసికి భయపడ్డాడనుకున్నాను. వాడు దాన్ని ఇన్నాళ్ళు దాచుకున్నాడని నాకు తెలియదు.

కాని అమ్మాయీ, ఎంత బరువు లాగినా నేను మీ పాట వేగంతో ఎక్కివుంటే నాకు ఛార్జిషీటు వచ్చేది. కాబట్టి క్యాసెట్టులో దోషముందన్న నా మాట అలాగే ఉంది.

మా వీధిలో రేడియోలు బాగుచేసే ఎర్రయ్య దగ్గరకు టేప్‌రికార్డరు తీసుకెళ్ళాను. "లోపల చిన్న స్క్రూ ఉంటాది తాతా. తిప్పితే జోరందుకుంటాది. కిత్నా చాహియే?" అన్నాడు.

"మా అబ్బాయి గొంతు వచ్చేదాకా" అన్నాను.

కొంచెం తిప్పాడు. "ఔర్ థోడా?"

"ఔర్ థోడా."

అలా తిప్పగా తిప్పగా మా అబ్బాయి రాలేదు గాని, ఆడపిల్ల వచ్చింది. ఇంటికి తెచ్చి పెడితే బుజ్జమ్మ, "అచ్ఛా, ఇదేదో కుదురుగా ఉంది. ఎవుల పిల్లో గాని" అంది. తరవాత అదే మిషనులో సత్యనారాయణ వ్రతకథ పెట్టాం. పంతులుగారు కదిలిపోతున్న బండిని అందుకోవాలన్నట్టు చదివేశారు. ఐదు అధ్యాయాలు అయిపోయాయి, ప్రసాదానికి రవ్వ ఇంకా వేగలేదు. దేవుడి ముందు బుజ్జమ్మకు తలవంపులు. ఈ నష్టానికి కూడా మీరే బాధ్యులు.

పదిహేను రోజుల్లో పరిష్కారం చూపకపోతే బిలాస్‌పూర్ వినియోగదారుల ఫోరంలో కేసు వేస్తాను. నాకు వేరే పనేమీ లేదని గమనించగలరు.

ఇట్లు, మిషను పాడుచేసుకున్న
అప్పలకొండ.

తా.క.: గిటారో ఇల్లో తేల్చుకోమని నేనే అన్నాను. వాడు తేల్చుకున్నాడు. రెండేళ్ళు బిలాస్‌పూర్‌లో అన్నం ఎక్కడ తినేవాడు? కేసుకు సంబంధం లేదు. ఊరికే అడుగుతున్నాను.

*

కుదుదండ్,
28 జూన్ 1993.

గౌరవనీయులైన అప్పలకొండ గారికి, ప్రతివాది హోదాలో ప్రత్యూష వ్రాయు సమాధానం.

ఫోరంకు నిస్సంకోచంగా వెళ్ళండి. నేను ఇంతవరకు పాల్గొన్న వాదపోటీలలో ఒక్కటి తప్ప అన్నీ గెలిచాను. ఆ ఒక్కటి కూడా న్యాయనిర్ణేత నిద్రపోవడం వల్ల పోయింది. వస్తువులో లోపం అంటే, తయారైన వస్తువుకూ తయారుచేయదలచిన వస్తువుకూ నడుమ ఉన్న తేడా. మేము చేయదలచిందీ ఇదే, చేసిందీ ఇదే. మీకు నచ్చకపోవడం మీ స్వాతంత్ర్యం. దానిని మా నేరంగా మార్చడం తర్కదోషం. ఎర్రయ్య తిప్పిన స్క్రూకు, పచ్చిగా మిగిలిన రవ్వకు మేము జవాబుదారులం కాము.

అయినా మాటలతో సరిపెట్టను. రాయ్‌పూర్ స్టూడియోలో మా రికార్డింగు చేసిన ఇంజనీరు ఆనాడే రాసి సంతకం చేసిన కాగితం నా దగ్గర ఉంది. నకలు జతపరుస్తున్నాను. ఆరు పాటలు, వాటి నిడివి, పరీక్షించి చూసిన టేపు వేగం, తేదీ, అన్నీ ఉన్నాయి. 1992 డిసెంబరు 14న ఆ గదిలో పాడిన గొంతు ఎలా ఉందో, క్యాసెట్టులో సరిగ్గా అలాగే ఉంది. దీనికి మించిన సాక్ష్యం ఏ ఫోరంలోనూ అవసరం పడదు.

మీ తదుపరి వాదన కోసం ఎదురుచూస్తున్న,
ప్రత్యూష.

తా.క.: మా వీధి చివర మెస్సులో తినేవాడు. వంకాయ కూర చేసిన రోజు తన వాటా చడీచప్పుడు లేకుండా మా గిటారిస్టు రవిచంద్ర పళ్ళెంలోకి తోసేసేవాడు. ఆదివారాలు మాత్రం స్టేషనులో వడలు తినేవాడు. గూడ్సు బండి ఏది వచ్చినా తినడం ఆపి ఇంజను దాకా నడిచి వెళ్ళి, తిరిగి వచ్చేవాడు. "ఎవర్ని వెతుకుతున్నావు?" అంటే, "ఎవుల్నీ నేదు, డ్రైవరు ఎవులో సూద్దామని" అనేవాడు.

*

కర్గీ రోడ్,
2 జూలై 1993.

ప్రత్యూషకు,

కాగితం అందింది. డిసెంబరు పద్నాలుగు అని ఉంది. మావాడు పోయింది ఆగస్టు తొమ్మిదిన. ముప్పైనాలుగేళ్ళు నేను తేదీలు, టైములు రాసినవాణ్ణి, తప్పు చదవను.

కేసు వెయ్యను.

అప్పలకొండ.

తా.క. ఏమీ లేదు.

*

కుదుదండ్,
9 జూలై 1993.

అప్పలకొండ గారికి, ఎలా సంబోధించడానికీ అర్హత మిగుల్చుకోని ప్రత్యూష వ్రాయునది.

నేను ఓడిపోయాను. నన్ను ఓడించింది మీరు కాదు. గెలవాలన్న ఆత్రంతో నా చేతులతో నేనే జతపరచిన కాగితం. దాన్ని కవరులో పెడుతున్నప్పుడు ఆ తేదీ నా కళ్ళ ముందే ఉంది. నేను దాన్ని సాక్ష్యంగా మాత్రమే చూశాను.

ఆ గొంతు జానకిరామ్‌ది కాదు. మీ ఎర్రయ్య స్క్రూ తిప్పి పట్టుకున్న ఆ ఆడపిల్లను నేనే.

ఆరు పాటలూ అతడు రాసినవి, అతడు కట్టినవి. డిసెంబరులో రికార్డు చేయాలని జూన్‌లోనే నిర్ణయించుకున్నాం. ఆగస్టులో అతడు లేడు. స్టూడియోలో వాద్యాలు పూర్తయ్యాక గాయకుడి కోసం ఇంజనీరు తలుపువైపు చూశాడు. మా ముగ్గురిలో అతడి పాటలు పూర్తిగా వచ్చినది నాకే. అతడిలా పాడాలని ప్రయత్నించాను. అతడిలా రాలేదు, గొంతు చీరుకుపోయి, మీరు విన్నది వచ్చింది. అట్ట అచ్చుకు వెళ్ళేటప్పుడు గానం అన్న మాట పక్కన నా పేరు రాయబోతే చెయ్యి సాగలేదు. అతడి పేరే రాశాను. అది గౌరవమని నాతో నేను వాదించుకున్నాను. ఎదుటి పక్షాన ఎవరూ లేరు గనుక గెలిచాను.

ఇప్పుడు జబల్‌పూర్‌లో కుర్రాళ్ళు జానకిరామ్‌లా పాడాలని గొంతులు గీరుకుంటున్నారు. వాళ్ళలో ఎవరూ అతణ్ణి వినలేదు. వాళ్ళు అనుసరిస్తున్నది అతణ్ణి అనుసరించలేకపోయిన నన్ను. మా ప్రభావం గురించి మీకు గొప్పగా రాశాను కదా, అదంతా ఇదే.

ఇంకొకటి దాచితే ఈ ఒప్పుకోలుకు అర్థం లేదు. అతడి అసలు గొంతు ఉన్న సాధన టేపు ఒక్కటి నా దగ్గర ఉండేది. అతడు బతికుండగానే, మళ్ళీ ఎప్పుడైనా పాడతాడులే అనుకొని, దాని మీద ఒక వాదపోటీకి నా ప్రసంగం రికార్డు చేసుకున్నాను. ఆ పోటీ గెలిచాను. ఏ పక్షాన మాట్లాడానో ఇప్పుడు గుర్తులేదు.

నిన్న రవిచంద్రతో, డ్రమ్స్ వాయించే అమ్మన్నతో చెప్పేశాను. బూడిదగుంట ఇక వాయించదు.

క్షమించమని అడగడానికి వాదన దొరకని,
ప్రత్యూష.

తా.క.: మీరు ఏం రాసినా ఎదురు చెప్పను.

*

కర్గీ రోడ్,
15 జూలై 1993.

అమ్మా ప్రత్యూషకు, బుజ్జమ్మ పక్కన కూర్చొని చెబుతుండగా కొంత, ఆమె లేచి వెళ్ళాక కొంత అప్పలకొండ రాసేది.

ఆ గొంతు వాడిది కాదని బుజ్జమ్మ మొదటి రోజే అంది. "ఎవులో మనోడి కోసం ఏడుస్తన్నారు. మనోడు కాడు" అంది. నేను నమ్మలేదు. బ్యాటరీలు మార్చి, నీకు ఉత్తరం రాశాను. నువ్వు ఇచ్చిన జవాబులో వాడు ఎలా పాడేవాడో ఒక్క ముక్క లేదు, సిద్ధాంతమే ఉంది. అప్పుడు నమ్మాను.

కాని ఆ జవాబులో ఘాటు ఎక్కే బొగ్గుబండి ఉంది. అది నాకు తెలియని సంగతి. వెంటనే ఇంకో ఫిర్యాదు రాయాలనిపించింది. క్యాసెట్టు బాగుందని రాసేస్తే నువ్వు మళ్ళీ ఉత్తరం ఎందుకు రాస్తావు? ఫోరం పేరు చెప్పి బెదిరిస్తే వంకాయ కూర వచ్చింది, స్టేషనులో వడలు వచ్చాయి. ఎర్రయ్య సంగతి, వ్రతం సంగతి నిజం. వాడు దొరకడని తెలిసే "ఔర్ థోడా" అన్నాను. కేసు సంగతి అబద్ధం. ఆ ఫోరం ఏ వీధిలో ఉందో కూడా నాకు తెలియదు.

తేదీ కాగితం చూసినప్పుడు మాత్రం ఆగలేకపోయాను. తెలిసిన సంగతే, కాని ఎవరో సంతకం పెట్టి పంపితే అది ఇంకోలా ఉంటుంది. రాసి పోలయ్యకు ఇచ్చేశాక, ఇక నువ్వు రాయవేమోనని భయం వేసింది.

టేపు మీద నీ ప్రసంగం పడిన సంగతి బుజ్జమ్మకు చదివి వినిపించలేదు. అది నీకూ నాకూ మధ్య ఉండనీ. నేను వాణ్ణి ఇంట్లోంచే చెరిపేశాను తల్లీ. నువ్వు టేపు మీద చెరిపావు.

నువ్వు వాడికి ఏమవుతావో మేము అడగం. బుజ్జమ్మ ఆ క్యాసెట్టు రోజూ పెడుతోంది. నిన్న ఎర్రయ్యను పిలిపించి స్క్రూ వెనక్కి తిప్పించింది. "తాతతో చెప్పకే అమ్మమ్మా, ముందర ఆయనే తిప్పమన్నాడు" అని వాడు గొణిగితే, "తిప్పరా. ఆ పిల్ల ఎంతసేపు ఏడవాలనుకుందో అంతసేపూ ఏడవనీ" అంది.

మీ బృందం మూసేయాలా వద్దా అన్నది నాకు తెలియని విషయం. వాయించమని నేను చెప్పను, మానమనీ చెప్పను. మానమని ఒకసారి చెప్పినవాణ్ణి.

ఇట్లు,
జానకిరామ్ తండ్రి అప్పలకొండ.

తా.క.: ఇక ఫిర్యాదులేమీ మిగల్లేదు, అందుకని నేరుగానే అడుగుతున్నాను. వాడు మీ దగ్గర నా గురించి ఏటనేవాడు? తిట్లయితే తిట్లే రాయి. మెత్తగా మార్చకు, ఒక్కటీ వదలకు. పోలయ్య మంగళవారం డ్యూటీలో ఉంటాడు. కవరు మాత్రం గట్టిగా అంటించు, దారిలో చదువుతాడు.