అడిగిందే అడిగే అవ్వ

2012 జులై, గురువారం రాత్రి

ఈరోజు మతిమరుపు సర్వే కోసం రావల్‌కోల్‌లో ఒక అవ్వ దగ్గర కూర్చున్నాను. ఫారం నింపేలోపు "తిన్నవా బిడ్డా?" అని నాలుగుసార్లు అడిగింది. మూడుసార్లు తిన్నానని అబద్ధం చెప్పాను. నాలుగోసారి నోరుజారి "లేదవ్వా" అన్నాను. వెంటనే కోడలిని కేకేసింది: "పిల్ల ఆకలితోని ఉన్నది, బువ్వ పెట్టు!"

"పొద్దంత గిదే మాటక్కా, పరేషాన్ అయితాంది," అని విసుక్కుంటూనే కోడలు అన్నం, పచ్చిపులుసు పెట్టింది.

'అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతారా?' అన్నచోట అవునని టిక్కు పెట్టాను. జబ్బు లక్షణమట! పేట్ బషీరాబాద్‌లో ఈ గది అద్దెకు తీసుకుని ఏడు నెలలైంది. తిన్నావా అని ఒక్కసారైనా అడిగినవాళ్లు లేరు.

గడప దాటుతుంటే అవ్వ మళ్లీ అడిగింది. తిన్నానన్నాను, నిజంగానే.

ఇప్పుడు ఎవరైనా అడిగితే మాత్రం లేదనాలి.