గీత దాటిన కాలు

నకలెమా అక్కా,

ఫోనులో అయితే నువ్వు నవ్వేస్తావని ఈ కాగితం తీసుకున్నాను.

నిన్న కంపాలాలో మా అమ్మాయి కిసాక్యే ఆడే జట్టుకి ఫ్రిస్బీ ఫైనల్. గెలిస్తే నైరోబీ పోటీకి వెళ్తారు. చివరి పాయింటుకి అది గాల్లోకెగిరి, వాళ్లు విసురుకునే ఆ పళ్లెంలాంటి డిస్కు పట్టుకుంది. అందరూ గంతులేశారు. అదేమో చెయ్యెత్తి, "నా కాలు గీత బయట పడింది" అంది. ఈ ఆటకు అంపైరు ఉండడట, ఎవరి తప్పు వాళ్లే చెప్పుకోవాలట! డిస్కు అవతలివాళ్లకు పోయింది, వాళ్లే గెలిచారు.

"నీ నిజాయితీ తగలెయ్య, నైరోబీ బస్సు దింపేశావు కదే!" అంటూనే జట్టువాళ్లు దాన్ని భుజాలకెత్తుకున్నారు. ఓడినందుకు ఈ సంబరమేమిటో నాకు అర్థం కాలేదు.

"నువ్వు నేర్పిందే కదమ్మా" అంది ఇంటికొచ్చాక.

అక్కా, గీత పక్కనే కూర్చున్న నేనూ ఆ కాలు చూశాను. అది చెయ్యెత్తగానే, ఎన్నడూ గొంతు పెంచని నేను "చెప్పకే!" అని అరిచాను. విన్నదో లేదో అడగలేకపోతున్నాను. మోకరిల్లినా, దేవుడికి కృతజ్ఞత చెప్పాలో, క్షమాపణ అడగాలో తెలియడం లేదు.

ఇది నీ దగ్గరే దాచు. దానికి మాత్రం చూపించకు.

నీ చెల్లెలు