మూత తీసి చూపిన గిన్నె

నవోమీ,

మొదటి బండికి మనుబోలు స్టేషను డ్యూటీకి పోతున్నా. నీళ్లు తోడి పెట్టినా. నీ అన్నం గిన్నె పొయ్యి పక్కనుంది, మర్చిపోకుండా తీసుకుపో.

నిన్నటి సంగతి నువ్వు చెప్పనే లేదు. నీతోపాటు అబ్రకం రేకులు చీల్చే ఆదిశేషమ్మక్క చెప్పింది. మీ ఫ్యాక్టరీకి తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు, "ఐదు గంటలు పని చేసినాక అరగంట విరామం ఇస్తున్నారా?" అని అడిగితే, మేనేజరు "దినామూ ఇస్తుండాం సార్" అన్నాడంట. అందరూ తలలు వంచుకుంటే నువ్వొక్కదానివే లేచి, గిన్నె మూత తీసి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టినావంట. మూడు గంటలప్పుడు కూడా అన్నం పెట్టింది పెట్టినట్టే ఉందంట. ఎంత ధైర్యమే నీకు! మా స్టేషను మాస్టరు ముందు నాకు సెలవడగడానికే నోరు రాదు.

ఈరోజు నుంచి పన్నెండున్నరకు బెల్లు కొడతారంట గదా. కూర్చొని నిదానంగా తిను.

క్రీస్తుదాసు

ఇంకొకటి. గిన్నె రోజూ అట్లే తిరిగొస్తుంటే, నా ఎండురొయ్యల పచ్చడి కారమైందేమోనని నెలరోజులుగా మిరపకాయలు తగ్గించుకుంటూ వచ్చినా. ఒక్కమాట చెప్పకూడదా? ఈరోజు మునుపటి కారంతోనే నూరినా.