ఒక్కసారే పిలిచాను

మార్చి 3, వైపాహు

పెర్లా వదిన వచ్చి పది రోజులైనా కాలేదు, అప్పుడే ఇల్లంతా ఆవిడదే. మా ఆయన ఆర్సెనియోకి అక్క. ఫిలిప్పీన్స్‌లో, మా ఇలోకోస్‌లో ఇల్లమ్ముకుని ఈ హవాయిలో మా నెత్తిన దిగింది. నా పెళ్లిలో తమ్ముడితో, ఈ చేపలమ్ముకునేవాళ్ల పిల్ల తప్ప నీకెవరూ దొరకలేదట్రా అన్న నోరు అది. నేను మర్చిపోలేదు.

మార్చి 5

ఆర్సెనియోకి హోటల్లో నైట్ డ్యూటీ. పగలైతే అక్కకి తనే దగ్గరుండి వడ్డిస్తాడు. ఆయన వెళ్లగానే అన్నం ముందు కూర్చుని, మంగన్ తయోన్ వదినా, రా తిందాం అన్నాను. తినేశానమ్మా, నువ్వు కానీ అంది. మా ఇలోకానోల మర్యాద అంతే. మొదటి పిలుపుకి ఎవరూ కూర్చోరు. రెండోసారి పిలవాలి. మూడోసారి పళ్లెం పెట్టి చెయ్యి పట్టుకుని లాగాలి. నేను రెండోసారి పిలవలేదు. ఆవిడ గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్లిపోయింది. కాకరకాయ, వంకాయ వేసిన పినక్బెట్ కూర ఇవాళ ఎంత బాగా కుదిరిందో!

మార్చి 6

ఒక్కసారే పిలిచాను.

మార్చి 11

మళ్లీ అదే. తనంతట తాను గిన్నె మూత తీసే మనిషి కాదు, అంత పొగరు. విసుగెత్తి తన చిన్న చెల్లెలి దగ్గరికి తనే పోతుంది. నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు.

మార్చి 14

పక్కింటి హవాయి ఆంటీ లెయినాలా వరండాలోంచి, హేలె మై, రా తిందువు అని కేకేసిందట. వాళ్లు పిలిస్తే పిలిచినట్టే, కూర్చోబెట్టేదాకా వదలరు. వదిన చేప, పోయ్ అనే చేమదుంప ముద్ద కడుపునిండా తినొచ్చింది. మూతి కూడా తుడుచుకోలేదు! నాకు ఒళ్లు మండిపోయింది. తమ్ముడు తిండి పెట్టడం లేదని వీధంతా అనుకోవాలా వదినా, ఆయన పరువేం కాను అన్నాను. తల వంచుకుని, ఇంక వెళ్లనులే అంది. ఇప్పుడు ఆంటీ అలోహా అని పలకరించినా తలుపు చాటుకి తప్పుకుంటోంది.

మార్చి 19

షుగర్ మాత్ర మింగుతూ కనిపించింది. ఖాళీ కడుపున వేసుకోకూడదని డాక్టర్ చెప్పినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. మంగన్ తయోన్ అన్నాను. తినేశానంది. సరే అన్నాను.

మార్చి 20, ఉదయం 6

వదిన లేవలేదు. ఒళ్లు చల్లగా ఉంది.

మార్చి 22

షుగర్ పడిపోయిందన్నారు. అక్క ఆ రాత్రి ఏం తిందే ఫెలీ అని ఆర్సెనియో అడిగాడు. రోజూ పిలిచాను, తినేశాననేది అన్నాను. ఒక్క ముక్క అబద్ధం లేదు. ఫెలీ నన్ను పిలవకుండా ముద్ద ముట్టదురా అని అక్క ఆయనతో చెప్పేదట. నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు.

మార్చి 28

తొమ్మిదో రోజు. పోయినవాళ్లకి పళ్లెం పెట్టి పిలవాలి. నన్నే పిలవమన్నారు. అన్నం, పినక్బెట్ పెట్టి, మంగన్ తయోన్ వదినా అన్నాను. తినేశానమ్మా అన్న మాట రాలేదు. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలిచి, అందరూ చూస్తుండగా చెయ్యి చాచాను.