కుడి భుజం మీద కొంగు

అమ్మా,

కువైట్‌లో సల్వా అనే పేటలో నువ్వు పనిచేసిన ఇంటికి ఈరోజు వెళ్లాను. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మనూరివాళ్లంతా తిరిగొచ్చారు. నువ్వు మాత్రం యుద్ధం ముగిసేదాకా రాలేదు. అక్కడెవణ్నో పెట్టుకున్నావని ఊళ్లో అంటే నేనూ నమ్మాను.

"మా మామా, అదే మా యజమానురాలు, ఆమె మొగుడు కువైట్ మిలిట్రీలో ఆఫీసరు పాపా. ఆమెను పట్టుకుపోకుండా చీర కట్టి, మా అక్క, మూగదని ఇరాక్ సిపాయిలకు చెప్పి దాచినా" అనేదానివి.

"కతలు చాల్లే" అనేదాన్ని.

ఇప్పుడు ముసలిదైపోయిన నీ యజమానురాలూ అదే చెప్పింది. మర్యాదకు చెబుతోందేమోనని, నువ్వు చీర ఎలా కట్టావో చూపించమన్నాను. ఆమె నా చున్నీ తీసి కుడి భుజం మీద వేసుకుంది.

"కొంగు ఎడమవైపు కదా?"

"మీ అమ్మ నాకు ఎదురుగా నిలబడి, తన ఎడమవైపుకే కొంగు వేసి కట్టింది. సిపాయి గేటు తీసేశాడు. సరిచేయడానికి టైమెక్కడిది?"

ఇలాంటి తప్పును ఎవరూ కల్పించి చెప్పరు. నువ్వు బతికుండగా నిన్ను కూడా ఒక్కసారి, ఎలా కట్టావని అడగాల్సింది.