ఊ కొట్టడం వేరు

రాచపూడివారిపాలెం,
అద్దంకి మండలం.
21-3-2025, శుక్రవారం.

వినుకొండ ఫైనాన్సు ఆఫీసులో ఫోన్లు చేసే అమ్మాయి మహిమ గారికి,

నమస్కారములు. మీరూ మీ ఇంట్లోవాళ్ళూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ముందుగా నా రాత చూసి ఏమీ అనుకోవద్దు. మా ఊరి బడిలో ఐదు దాకా చదివాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబాటే. మిరపలో తాలుకాయలు ఏరి ఏరి వేళ్ళు మండుతున్నాయి, పెన్ను నిలవడం లేదు. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి.

రోజూ ఫోనులో కలిసే మనిషికి ఉత్తరమెందుకు అనుకుంటారేమో. ఫోను చెవిన పెట్టుకుంటే నాకు మాట రాదమ్మా. ఎదురుగా మనిషి ఉన్నా అంతంత మాత్రమే. మనిషి కనపడకుండా గొంతొక్కటే వస్తుంటే ఇంక నోరు పెగలదు. మీరు చెప్పేదంతా విని ఊ అంటాను. మళ్ళీ ఊ అంటాను. మీరు పెట్టేస్తారు. ఈ ఉత్తరం ఆ ఊ గురించే.

మొదటిసారి మీ ఫోను వచ్చిన రోజు కల్లంలో కాయలు తిరగేస్తున్నాను. రాశిలోంచి ఫోను మోగింది. ఎక్కడుందో కనపడలేదు. చేత్తో కెలికి తీసేసరికి ఘాటు ముక్కుకెక్కింది. కళ్ళ నిండా నీళ్ళు. అలాగే చెవిన పెట్టుకున్నాను. బుడే గారేనా అన్నారు. ఊ అన్నాను. ట్రాక్టరు లోను బాకీ సంగతి అన్నారు. ఊ అన్నాను. తుమ్మాను, ముక్కు ఎగబీల్చాను. అయ్యో, ఏడుస్తున్నారా తాతా అని మీ గొంతు మెత్తబడింది. కాదమ్మా, మిరపకాయల ఘాటు అని చెప్పడానికి కూడా నాకు మాట రాలేదు. దానికీ ఊ అన్నాను.

ఆ తర్వాత రోజూ చేశారు. సోమవారానికి కడతారా అంటే ఊ. మాట తప్పరు కదా అంటే ఊ. సోమవారం పోయింది, డబ్బు రాలేదు. మళ్ళీ సోమవారం అన్నారు, మళ్ళీ ఊ. మొన్న మంగళవారం మీకు ఒళ్ళు మండింది. ఏంటండీ మీరు, అసలు మనిషేనా, ప్రతిసారీ ఊ అంటారు, ఒక్కసారీ కట్టరు, మీ ఊ నమ్మి నేను రాసిపెడితే మా మేనేజరు అందరి ముందూ నన్ను కడిగేస్తున్నాడు, ఈ నెల జీతంలో కోస్తానంటున్నాడు అని అరిచారు. మీ వెనక ఎవరో మగగొంతు, మళ్ళీ ఆ ఊ గాడేనా అని నవ్వింది. నాకు కోపం రాలేదు. పేరు బాగానే పెట్టారు. మీకు జీతం కోస్తారన్న మాట మాత్రం రెండు రోజులు మనసులో మెదిలింది.

నిన్న మీరు అరవలేదు. మెల్లగా చెప్పారు. సోమవారం మా మనుషులు నలుగురు వస్తారు, ఇంటి ముందు కుర్చీలు వేసుకుని కూర్చుంటారు, కట్టేదాకా లేవరు, ఊళ్ళో పరువు పోతే నన్ననొద్దు అన్నారు. అలవాటుకొద్దీ దానికీ ఊ అన్నాను. మీరు పెట్టేశాక గానీ నేను దేనికి ఊ అన్నానో తెలిసి రాలేదు.

అప్పటికప్పుడు బస్సెక్కి అద్దంకిలో ప్లీడరు హెలెన్ గారి దగ్గరికి పోయాను. ఆవిడ ఐ.పి. కాగితాలు తయారు చేస్తోంది. ఆ సంగతి మీకింకా తెలియదు. ఇక తీర్చే దారి లేదని ఒప్పుకుని, ఉన్నదేదో, ఇవ్వాల్సిందేదో దాచకుండా జడ్జి గారి ముందు పెట్టేయడం. ఎగ్గొట్టడానికి అని లోకం అంటుంది. అప్పు అబద్ధం కాదమ్మా. ఒక ఏడు మిరపని నల్లతామర పురుగు తినేసింది. తర్వాత ఏడు కాయ విరగకాసింది, గుంటూరు యార్డులో ధర పడిపోయింది. కోల్డుస్టోరేజిలో పెట్టిన బస్తాలు అమ్మితే అద్దెకే సరిపోయేట్టున్నాయి. ట్రాక్టరు మీవాళ్ళు తోలుకుపోయారు. అది పోయాక కూడా బాకీ మిగిలే ఉందని మీరు చెబితేనే తెలిసింది.

హెలెన్ గారు నన్ను కూర్చోబెట్టి, ఫోనులో ఏమన్నారు అని అడిగింది. ఊ అన్నానండీ అన్నాను. ఎన్నిసార్లు అంది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు అన్నాను. ప్లీడరమ్మ తల పట్టుకుంది. అయ్యా, వాళ్ళు ఫోన్లన్నీ రికార్డు చేస్తారు, ఊ అంటే సరే అన్నట్టే, చేతిలో పైసా లేదని తెలిసీ కడతామని నమ్మించారని రేపు కోర్టులో అది వినిపిస్తే నేనేం చెప్పుకోను, ఊ కొట్టడానికి ఇదేమన్నా కథ అనుకున్నారా అంది.

కథలాగే విన్నానమ్మా నేను. చిన్నప్పుడు మా నాయనమ్మ కథ మొదలుపెడితే ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే నిద్రపోయాడని ఆపేసేది. అందుకని కళ్ళు మూతలు పడుతున్నా ఊ మానేవాణ్ణి కాదు. నాకు తెలిసిన ఊ అదొక్కటే. చెప్పు, వింటున్నాను అని. రాక్షసుడు రాజుగారి కూతుర్ని ఎత్తుకుపోయాడని నాయనమ్మ అంటే ఊ అనేవాణ్ణి. ఎత్తుకుపొమ్మని నేను ఒప్పుకున్నట్టా?

మీరొక్కరే కాదు. హిందీలో ఒకాయన చేస్తాడు. ఎక్కడినుంచో తెలియదు. ఒక్క ముక్క అర్థం కాదు. ఆయనకీ ఊ అన్నాను. ఏమేం ఒప్పుకున్నానో దేవుడికే తెలియాలి. ఈ మాట చెబితే అంత కోపంలోనూ ప్లీడరమ్మ నవ్వింది.

ఇంటికి నోటీసులు కూడా వస్తున్నాయి. జానీబీ పోస్టుమానుకి మజ్జిగ ఇచ్చి మరీ తీసుకుంటుంది. ఆమెకి చదువు రాదు. ఎర్ర ముద్ర ఉంటే పెద్ద కాగితమని పైన, లేకపోతే చిన్నదని కింద, సేమ్యా డబ్బాలో పెడుతుంది. ఆ డబ్బా ఎత్తుకుపోయి హెలెన్ గారికిచ్చాను. ఇవ్వాల్సినవాళ్ళ పేర్లు ఒక్కటి కూడా వదలకూడదట. మందుల కొట్టు, కోల్డుస్టోరేజి, మీ ఆఫీసు, అన్నీ రాసింది. తిరిగొచ్చి బస్సు దిగుతుంటే టీకొట్టు పుల్లమ్మ ఆపింది. ఏం పెద్దాయనా, నా టీ బాకీ కూడా కోర్టులో రాయిస్తున్నారా, నాకూ జడ్జిగారి కాగితం వస్తుందా, వస్తే పటం కట్టించి కొట్లో పెట్టుకుంటాను అంది. బెంచీ మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఊ అనబోయి నోరు మూసుకున్నాను.

ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. సోమవారం మీ మనుషుల్ని పంపొద్దు. బుధవారం కాగితాలు కోర్టులో పడతాయి. ఆ తర్వాత ఏం మాట్లాడాలన్నా అక్కడే మాట్లాడొచ్చు. సంతకం పెట్టాల్సిన మనిషి బుధవారం దాకా నిలబడాలి. గుమ్మం ముందు నలుగురు కుర్చీలేసుకుంటే నిలబడడు. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ జానీబీ ఎక్కడో దాచేసింది. ఇంతకంటే విడమర్చి రాయలేను.

మీ పుస్తకంలో నా ఊలన్నీ కొట్టేయండి. ముసలాయనకి చెవుడు, తెలియక ఊ అన్నాడు అని మీ మేనేజరుకి చెప్పండి. నాకు చెవుడు లేదు గానీ ఆ మాట మీ జీతానికి పనికొస్తే వాడుకోండి. ఈ ఉత్తరం ఆయనకి చూపించినా నాకేమీ అభ్యంతరం లేదు.

మీ ఆఫీసు తరపున బండి మీద తిరిగే ఏసుబాబు చేతికి ఇది ఇస్తున్నాను. మంచివాడు, విప్పి చదవడు. జవాబు ఒక్క ముక్క కాగితం మీద రాసి అతనికే ఇవ్వండి. ఫోను మాత్రం చేయొద్దు. చేస్తే మళ్ళీ ఊ అనేస్తాను.

ఇట్లు,
మీ ఫోనుకి ఊ కొట్టే ముసలివాడు.

తా.క. కవరు అంటించడానికి అన్నం మెతుకులు పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. ఊలన్నిటి సంగతీ రాసి మొట్టమొదటి ఊ సంగతి వదిలేశాను. బుడే గారేనా అని మీరడిగితే అన్న ఊ. అది కూడా వింటున్నానని అన్నదే. నేను బుడేని కాదమ్మా. నా పేరు జక్రయ్య. పైన నమస్కారములు అని రాశాను గానీ నా అలవాటు ప్రభువు నామంలో వందనాలు అని. అలా రాస్తే బుడేని కాదని మీరు పట్టేస్తారని ఆగాను. వందనాలమ్మా.

ట్రాక్టరు బుడేది. జానీబీ వాడి భార్య. ఫోనూ వాడిదే. అది మోగితే వాడు తీసేవాడు కాదు. ఆ రోజు కల్లంలో ఇద్దరం కాయలు తిరగేస్తుంటే దాన్ని రాశిలోకి విసిరికొట్టి ఇంటికి పోయాడు. మోగితే నేను తీశాను. ఇక తిరిగి ఇవ్వలేదు. మీరు తిట్టేది ఎవరో ఒకరు వినాలి గదా, నేనైతే ఊరికే వింటాను గదా అనుకున్నాను. నా ఊ వాడి మెడకి చుట్టుకుంటుందని అప్పుడు తట్టలేదు.

మేమిద్దరం ఒకే బడి. అప్పటినుంచీ వాడు మాట్లాడతాడు, నేను ఊ కొడతాను. లారీలో బస్తాల మీద పడుకుని గుంటూరు యార్డుకి పోతుంటే చిలకలూరిపేట దాటినా వాడి నోరు మూతపడేది కాదు. నా ఊ ఆలస్యమైతే, ఒరేయ్ జక్రీ, ఉన్నావా పోయావా అని కాలితో తన్నేవాడు. ఈ ఫోన్లు మొదలయ్యాక వాడు మాట మానేశాడు. రంజాను నెల గదా, ఒక్కపొద్దు ఉంటున్నాడని ఊరు అనుకుంటోంది. పొద్దు గూకాక కూడా తినడం లేదని జానీబీకీ నాకూ తెలుసు. గోడవైపు తిరిగి పడుకుంటాడు. పక్కన కూర్చుంటాను. వాడు మాట్లాడితే ఊ కొట్టడం నాకు వచ్చు. వాడు మాట్లాడకపోతే ఏం చేయాలో నాకు రాదు.

నిన్న సాయంత్రం మాత్రం చెప్పాను. రాశిలో మోగిన ఫోను, నా తుమ్ములు, ఏడుస్తున్నారా తాతా అని మీరడగడం, ఊ గాడు, హిందీ ఆయన, పుల్లమ్మ కట్టించే పటం, ప్లీడరమ్మ తల పట్టుకోవడం, అన్నీ. నలుగురు మనుషుల సంగతి తప్ప. నా జన్మలో అంతసేపు మాట్లాడి ఎరగను. గొంతెండిపోయి ఆగాను. గోడవైపు నుంచి ఊ అని వినపడింది.

అది దేనికీ ఒప్పుకున్న ఊ కాదమ్మా. చెప్పు, వింటున్నాను అనే ఊ. చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. మీ జవాబు వస్తే అది వాడికి చదివి వినిపిస్తాను. త్వరగా రాయండి.